ఎడమ వాటం

ఈ సంగతిని నేను రాయకపోతే రాసేవారు లేరు. మా సంస్థ దస్త్రంలో ఈ పనికి ఎదురుగా "సవరణతో పూర్తయినది" అన్న మాట మాత్రమే ఉంది. సవరణ అంటే ఏమిటో, ఎవరి తప్పుకో అక్కడ రాయలేదు. రాయవలసినవాణ్ణి నేనే, ఆనాడు రాయలేదు. ఈ మధ్య మా పక్కవీధిలో ఉండే ఒక యువ ఇంజనీరు తన ఫోనులో ఒక స్నానాల గది నమూనా చూపించి, "ఇందులో ఒక్క లోపం చూపించండి సార్" అన్నాడు. నమూనాలో లోపం లేదు. నా దగ్గరా ఒకప్పుడు లోపం లేని నమూనా ఒకటి ఉండేది. దాని ప్రకారం కట్టించిన గదిని నేనే దగ్గర నిలబడి పగలగొట్టించాను. ఆ యువకుడికీ, అతని వయసులో ఈ వృత్తిలోకి వస్తున్నవారికీ ఆ కథ తెలియడం అవసరమని తోచి, జ్ఞాపకం చెదరకముందే వరుసగా రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థలో ముప్ఫై ఏళ్లకు పైగా సైట్ ఇంజనీరుగా పనిచేశాను. చివరి నాలుగేళ్లు నాకు పాత ఇళ్ల మరమ్మతుల విభాగం అప్పగించారు. అప్పగించడమంటే మర్యాదగా పక్కన కూర్చోబెట్టడమే. కొత్త అపార్టుమెంట్లు కుర్రవాళ్లకూ, కారుతున్న డాబాలు నాకూ వచ్చాయి. నేను బాధపడలేదు. ఎక్కడైనా కొలతకు కొలత, గీతకు గీత ఉంటే చాలుననుకునేవాణ్ణి. అయితే మరమ్మతులో ఒక చిక్కు ఉంది. కొత్త కట్టడంలో మనుషులు చివరికి వస్తారు. మరమ్మతులో మొదటినుంచీ ఉంటారు; అన్నం తింటూ, తుమ్ముతూ, మన పని చూస్తూ అక్కడే ఉంటారు. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఆ ఇల్లు వన్‌టౌన్‌లో, కొండ వాలున, ఆటో కష్టంమీద దూరే సందులో ఉంది. సన్నగా పొడుగ్గా రైలుపెట్టెలా ఉండేది. ముందుగది, మధ్యగది, వంటిల్లు. వంటిల్లు దాటి మూడు మెట్లు దిగితే పెరడు. ఆ పెరటి చివర మరుగుదొడ్డి. వారిది ముస్లిం కుటుంబం. ఇంటాయన దర్జీ. బందరు రోడ్డులో ఆయన కుట్టిన కోటు వేసుకోని పెళ్లికొడుకు లేడని సందులో చెప్పుకునేవారు. అప్పటికి ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చి ఇంటికి పరిమితమయ్యారు. ఆయన భార్య మునిసిపల్ పాఠశాలలో ఉపాధ్యాయిని. కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లయి మచిలీపట్నంలో స్థిరపడ్డారు. దర్జీ కాబట్టి ఆయన్ని, ఉపాధ్యాయిని కాబట్టి ఆమెను, సందులో అందరూ మాస్టారు, టీచరమ్మ అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

మాకు అప్పగించిన పని చిన్నది. మధ్యగదిలో ఒక మూల గోడ కట్టి, అక్కడ మరుగుదొడ్డీ స్నానాల గదీ కలిపి అమర్చాలి. మాస్టారు ఆ మూడు మెట్లు దిగే అవసరం లేకుండా చేయాలి. వంటింటి నేల కూడా లేచిపోయింది కనుక దాన్నీ సరిచేయాలి. పని సాగినన్నాళ్లూ వారు ఆ ఇంట్లోనే ఉంటారు. ఉండటానికి వేరే చోటు లేదు.

మొదటి రోజు నేను వెళ్లేసరికి మాస్టారు ముందుగదిలో కుట్టుమిషను వెనక కూర్చుని ఉన్నారు. ఒళ్లో మంగళగిరి తువ్వాలు మడతపెట్టి ఉంది. నేను నమస్కారం చేశాను. ఆయన చెయ్యెత్తలేదు, తల మాత్రం కొద్దిగా వంచారు. ఇంత వయసులో కూడా ఇంటికి వచ్చినవాడికి సరైన మర్యాద చేయడం రాలేదే అని మనసులో ఒక గుర్తు పెట్టుకుని, టేపు తీశాను. గోడలు, గుమ్మాలు, కిటికీలు, మెట్ల ఎత్తు, నీళ్ల గొట్టం దారి అన్నీ కొలిచి నోటుపుస్తకంలో రెండు పేజీలు నింపాను. ఆయనకు పక్షవాతమని నాకు తెలుసు. ఏ పక్కన అని అడగలేదు. మా ఆఫీసులో ముద్రించిన ప్రమాణ చిత్రం ఉండగా అడగవలసిన అవసరం కనిపించలేదు. ఆ చిత్రంలో పట్టుకునే కడ్డీ కుడివైపున ఉంది. కుళాయి, స్విచ్చి, తలుపు గడియ కూడా కుడికే.

నేను బయలుదేరుతుండగా టీచరమ్మ బడికి వెళ్లే తొందరలో ఉన్నారు. సందులో ఆటో హారన్ మోగిస్తోంది. ఆమె భుజాన సంచీ సర్దుకుంటూ, చెప్పుల్లో కాలు పెడుతూ నాతో అన్నారు:

"సార్, లోపల ఎడమ వాటం ఉండాలండీ. అది మాత్రం మర్చిపోకండి. మిగతాది మీ ఇష్టం."

"తప్పకుండా అమ్మా" అన్నాను. అక్కడే నిలబడి నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీశాను: *వాటం ఎడమకు.*

మా వృత్తిలో లేనివారికి చెప్పాలి. స్నానాల గది నేలను సమమట్టంగా పరిస్తే నీరు నిలుస్తుంది. అందుచేత నీరు పోయే గొట్టం వైపు నేలను కొద్దిగా వాలుస్తాం. ఆ వాలును తాపీపనివారు వాటం అంటారు. ముప్ఫై ఏళ్లుగా నా చెవికి ఆ మాటకు అదే అర్థం. ఎడమగోడ వైపు గొట్టం ఉండాలని ఆమె ఎందుకు కోరారో తెలియలేదు గానీ, ఇంటివారికి వాస్తు పట్టింపులు ఉంటాయి, కొందరు ఏ మతంవారైనా మేస్త్రీల మాట వింటారు. నేను కారణం అడిగే మనిషిని కాదు. చెప్పింది చేసే మనిషిని.

పని మొదలైంది. తాపీమేస్త్రి కంకిపాడు మనిషి. నేను కాపురమున్నదీ అక్కడే కాబట్టి ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. పని బాగా తెలిసినవాడు, మాటలు అంతకంటే బాగా తెలిసినవాడు. నేను ఒక కాలపట్టిక రాసి మధ్యగది గోడకు అంటించాను: ఏ గంటకు ఏ పని, ఏ గదిలో దుమ్ము, ఎప్పుడు నీళ్లు ఆపుతాము అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చూసి మేస్త్రి, "రైల్వే స్టేషన్లో కూడా ఇట్టాంటిది రాసుంటదండీ. రైలు మాత్రం దాని ఇష్టం వచ్చినప్పుడే వస్తది" అన్నాడు. టీచరమ్మ నా పక్షాన నిలిచారు. పైగా నన్ను మించారు. ఆమె రోజూ బడికి వెళ్లేముందు పనివాళ్లను వరుసగా నిలబెట్టి హాజరు వేసేవారు. ఒకరోజు మేస్త్రి పది నిమిషాలు ఆలస్యమైతే, "రేపు మీ నాన్నగారిని తీసుకురండి" అన్నారు. మేస్త్రికే అరవై దాటాయి. ఆ రోజంతా ఎవరు ఎదురైనా అదే చెప్పుకుని నవ్వాడు.

ఇంటివారి అవస్థ చిన్నది కాదు. పొయ్యి ముందుగదికి వచ్చింది. పంచదారలో సిమెంటు, సిమెంటు బస్తాల మీద కొత్తిమీర. మాస్టారి మిషను మీద రెండు దుప్పట్లు కప్పినా దుమ్ము చేరేది. ఆయన రోజుకు రెండుసార్లు ఆ దుప్పటి తీయించి, ఎడమచేత్తో మిషను చక్రం తుడిచి, మళ్లీ కప్పించేవారు. ఎడమచేత్తో తుడుస్తున్నారని నేను చూశాను. చూడటం వేరు, గమనించడం వేరు.

ఆయన పక్కన స్టూలు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. నిండా నీళ్లు, పైన ఒక చిన్న ప్లేటు మూత. టీచరమ్మ ఉదయం నింపి వెళ్లేవారు. సాయంత్రం నాలుగింటికి నేను వెళ్లబోతూ చూసినా అది అలాగే నిండుగా, మూతతో ఉండేది. ఎండలు ముదురుతున్న రోజులు. సందులో కుక్కలు కూడా నీడ వెతుక్కునేవి. అంత గందరగోళంలోనూ ఆ ఇంట్లో ఒక గ్లాసు ఎల్లవేళలా నిండుగా, మూతపెట్టి ఉండటం చూసి నేను మెచ్చుకున్నాను. మేస్త్రితో అన్నాను కూడా: "చూశావా, పద్ధతి అంటే అదీ." మేస్త్రి నా వంక అదోలా చూసి, తాపీ అందుకున్నాడు.

పలకలు పరచడం పూర్తయిన రోజు వచ్చింది. గచ్చు ఆరింది, కడ్డీ బిగించాం, కుళాయిలో నీళ్లు వచ్చాయి. నేను రసమట్టం పెట్టి ప్రతి గోడా సరిచూసుకున్నాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా కుదిరిన చిన్నపని మరొకటి లేదు. టీచరమ్మ బడినుంచి రావడానికి ఇంకా పావుగంట ఉంది. అయినా ఆగలేక, మాస్టారి దగ్గరకు వెళ్లి, "గది సిద్ధమైంది. ఒకసారి చూడండి" అన్నాను.

ఆయన లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడికాలు ఈడుస్తూ, గోడవారగా మధ్యగదిలోకి వచ్చారు. లేచినప్పుడే తువ్వాలు ఒళ్లోంచి జారిపోయింది. దాని కింద ఇన్నాళ్లూ దాచుకున్న కుడిచెయ్యి వేళ్లు ముడుచుకుని, పొట్టకు ఆనుకుని ఉంది. ఆ క్షణంలో మొదటిరోజు సంగతి నాకు తట్టింది. సలాం చేయడానికి కుడిచెయ్యి లేవదు, ఎడమచేత్తో సలాం చేయడానికి ఆయనకు మనసొప్పదు. అందుకని తల వంచారు. నేను దాన్ని గర్వం కింద జమకట్టాను.

గుమ్మంలో నిలబడి ఆయన గదంతా నెమ్మదిగా చూశారు. కుడిగోడమీద మెరుస్తున్న కడ్డీ, కుడిపక్క కుళాయి, కుడిపక్క స్విచ్చి చూశారు. ఎడమవైపు ఖాళీ గోడ, దాని కింద నీరు పోయే జాలీ. మాట కొంచెం ముద్దగా వచ్చేది ఆయనకు. అయినా స్పష్టంగానే అడిగారు:

"సార్, ఇది ఎవరి కొలతకు కుట్టారు?"

నాకు ఒళ్లు మండింది. జేబులోంచి నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి, పైకి చదివాను. "వాటం ఎడమకు. మీ ఇంట్లోవారు చెప్పినదే. రెండు గీతలు కూడా గీసుకున్నాను."

మేస్త్రి నా పక్షాన సాక్ష్యం చెప్పాడు. "ఎడమకే ఇచ్చామండీ! నీళ్లు పోసి చూపిస్తా చూడండి." బకెట్టు నీళ్లు గదిలో కుమ్మరించాడు. నీళ్లు చక్కగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా, ఎడమగోడ వారగా జాలీలోకి పోయాయి. ఆ నీళ్లు పోవడం చూస్తూ ముగ్గురం నిలబడ్డాం. మాస్టారు ఆ తడిసిన ఎడమవైపును చూసి, "నా పట్టున్న వైపంతా నీళ్లకు ఇచ్చారన్నమాట" అన్నారు.

అప్పుడే టీచరమ్మ వచ్చారు. సంచీ దించకుండానే సంగతి విన్నారు. విని, చేత్తో నోరు మూసుకున్నారు.

"నేను చెప్పింది చెయ్యి వాటం సార్. నేల వాటం కాదండీ. ఆయనకిప్పుడు అన్నీ ఎడమచెయ్యే గదా!"

అదే మాట. ఎడమచేతి వాటం అని మనం పుట్టినప్పటినుంచీ అంటున్న మాట. నేను కూడా ఇంట్లో అనే మాటే. సైటులో అడుగుపెట్టగానే నా చెవి దాని అర్థం మార్చేసుకుంది. ఆ సత్యం వెంటనే ఒప్పుకున్నానని రాయగలిగితే బాగుండును. నేను అన్నది ఇది: "అమ్మా, ఇంజనీరుతో చెప్పేటప్పుడు స్పష్టంగా చెప్పాలి."

"నిజమేనండీ" అన్నారామె. మాస్టారిని మెల్లగా నడిపించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. స్టూలు మీది గ్లాసు మూత ఎత్తి చూశారు. నిండుగా ఉంది. గొంతు తగ్గించి, "ఇవాళ కూడానా?" అన్నారు. ఆమె ఆ నీళ్లను ఆయన చేత తాగించి, మెట్లు దించి పెరట్లోకి తీసుకువెళ్లారు.

వాళ్లు అటు వెళ్లాక మేస్త్రి నాకు చెప్పాడు. "తెలవదా సార్ మీకు? టీచరమ్మ బడికి పోయాక ఆయన చుక్క నీళ్లు తాగరు. తాగితే పెరట్లోకి పోవాల. ఒక్కరూ మెట్లు దిగలేరు. నేను పట్టుకుంటా రండి మాస్టారూ అని రెండుసార్లు అడిగా. 'వద్దయ్యా, నా కొలతలు నువ్వు తీసుకోవద్దు' అని నవ్వేశారు."

నేను పద్ధతి అని మెచ్చుకున్న గ్లాసు అది.

సందులోకి వెళ్లి ఇసుక కుప్ప పక్కన కొంతసేపు నిలబడ్డాను. తక్కువ నష్టంతో బయటపడే దారులు ఆలోచించాను. మనిషి స్వభావం అది. కడ్డీ ఒక్కటి విప్పి ఎడమగోడకు బిగిస్తే? కమోడ్ కుడిగోడకు దగ్గరగా ఉంది, ఎడమగోడ చెయ్యి చాచినా అందదు. అందినా ఆయన అడుగు వేసేది నీళ్లు పారే చోట. గది మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడితే తప్ప పనికిరాదు. లోపలికి వచ్చి, "రేపు పొద్దున నేల పగలగొట్టండి" అన్నాను.

"కొత్త పలకలండీ!" అన్నాడు మేస్త్రి, బిడ్డను కొట్టమన్నట్టు. "వాటిమీద ఇంకా ఎవరూ కాలైనా కడగలేదండీ!"

"కడగలేరు కాబట్టే పగలగొట్టమంటున్నాను. తప్పు నాది. ఆఫీసులో నేను చెప్పుకుంటాను."

పెరట్లోంచి వచ్చి కూర్చున్న మాస్టారు ఇదంతా విన్నారు. "ఆగండి సార్" అన్నారు. "రేపే పగలగొట్టి, ఎల్లుండే కట్టేస్తే, మళ్లీ ఇంకో తప్పు చేస్తారు. మీరు కొలత తీసుకున్నారు, కత్తిరించారు, పక్కా కుట్టు వేసేశారు. మధ్యలో కచ్చా కుట్టు ఏది?"

అదేమిటన్నాను. ఆయన వివరించారు. కోటు గుడ్డ కత్తిరించాక దర్జీ ముందే మిషను మీద కుట్టడు. పొడుగు పొడుగు దారాలతో చేత్తో తాత్కాలికంగా టాకాలు వేస్తాడు. అదే కచ్చా కుట్టు. దాన్ని మనిషికి తొడిగి చూస్తారు. భుజం పట్టేస్తే దారం లాగేసి సరిచేస్తారు. గుడ్డకు నష్టం లేదు. సరిపోయాకే పక్కా కుట్టు. "టేపు అబద్ధం చెప్పదు సార్. కానీ టేపు అడిగినదానికే చెబుతుంది. మనిషి చెయ్యెత్తినప్పుడు ఏమవుతుందో ట్రయల్‌లోనే తెలుస్తుంది."

నలభై ఏళ్ల కిందట మాకు డ్రాయింగు నేర్పిన గురువుగారు కూడా నాతో ఇంత సూటిగా మాట్లాడలేదు.

అలా ఆ ఇంటికి కచ్చా కుట్టు మొదలైంది. ముందుగదిలో సామాను ఒక పక్కకు జరిపి, గది అసలు కొలతలో నేలమీద సుద్దతో గీశాం. కమోడ్ బదులు ఒక కుర్చీ. గోడ బదులు తడిక. కడ్డీ బదులు వెదురుబొంగును తాళ్లతో ఆ తడికకు కట్టి, కదలకుండా వెనక బస్తాలు పేర్చాం. మాస్టారు కర్రతో వచ్చి, తిరిగి, కూర్చుని, లేచి చూసేవారు. ప్రతిసారీ వెదురు ఎక్కడ అడ్డొచ్చిందో, ఎక్కడ అందలేదో తన దర్జీ సుద్దముక్కతో ఎడమచేత్తో గుర్తు పెట్టేవారు. మేము ఆ గుర్తుకు జరిపి మళ్లీ కట్టేవాళ్లం. టీచరమ్మ సాయంత్రం వచ్చేసరికి మేస్త్రి ఆ కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయి, "ఈ నాటకానికి టికెట్టు ఎక్కడ తీసుకోవాలండీ?" అన్నారు.

నాకు ఆ వారంలో లోకం కొత్తగా కనిపించింది. మాస్టారు ఒకరోజు తన పెద్ద కత్తెర నా చేతికిచ్చి, "ఎడమచేత్తో ఈ గుడ్డ కత్తిరించండి సార్" అన్నారు. ప్రయత్నించాను. గుడ్డ రెండు అలుగుల మధ్య మడతపడిందే గానీ తెగలేదు. "చూశారా? కత్తెర కూడా కుడిచేతి మనుషుల కోసమే పుట్టింది. నాకు జబ్బు చేసేదాకా నాకూ తెలియదు" అన్నారు. అప్పటినుంచి కంకిపాడు బస్సులో వస్తూ చేతులను చూడటం మొదలుపెట్టాను. మెట్ల దగ్గర ఏటవాలుగా ఉన్న కడ్డీకి ఒక్కచోట రంగు పూర్తిగా పోయి ఇనుము మెరుస్తోంది. పై కడ్డీకి అంత అరుగుదల లేదు. ఎక్కే మనిషి చెయ్యి తనకు తెలియకుండానే ఆ వాలునే వెతుక్కుంటోంది. బ్యాంకు తలుపు, టిఫిను బండి అంచు, మంచినీళ్ల కుళాయి పిడి, ఏది చూసినా అరిగిన చోటే నాకు కొలతలా కనబడేది. ఇన్నేళ్లూ ఆ అరుగుదలను చూసినప్పుడల్లా రంగు వేయించమని చెప్పినవాణ్ణి నేను.

బస్సు కడ్డీ సంగతి మాస్టారికి చెప్పాను. వెదురును అడ్డంగా కాక ఏటవాలుగా కట్టి చూశాం. ఆయన ఒక్క ఊపులో లేచి నిలబడ్డారు. మేస్త్రి చప్పట్లు కొట్టాడు. మాస్టారు తృప్తిపడలేదు. "తడి చేత్తో స్టీలు జారుతుంది. పట్టీ చుట్టాలి" అన్నారు. గరుకు కడ్డీ తెప్పిస్తానన్నాను. మరో మాట కూడా చెప్పారు. జబ్బు తరువాత నేల ఎక్కడ దిగుతోందో కంటికి వెంటనే తెలియడం లేదట. గది అంతా ఒకే తెలుపైతే గుమ్మం దగ్గర తడబడతానన్నారు. ఒళ్లోని మంగళగిరి తువ్వాలు ఎత్తి దాని అంచు చూపించారు. "గుడ్డ ఎక్కడ అయిపోయిందో ఎట్లా తెలుస్తోంది సార్? అంచు రంగు వేరు కాబట్టి." గుమ్మం దగ్గర, వాలు మొదలయ్యే చోట, ఒక వరుస ఎర్రపలకలు వేయాలని అక్కడే నిర్ణయించాం. మా ప్రమాణ చిత్రంలో అంచు అనేది లేదు.

ఎనిమిదో రోజున పాత నేల పగలగొట్టాం. ఈసారి నోటుపుస్తకంలో రెండు పంక్తులు రాసుకున్నాను. చెయ్యి వాటం ఎడమకు. నేల వాటం కుడికి. రెండింటి కిందా గీతలు గీసి, టీచరమ్మకు చదివి వినిపించి సంతకం చేయించుకున్నాను. ఆమె తన ఎర్రసిరా కలంతో సంతకం చేసి, పక్కన ఒక టిక్కు కూడా పెట్టారు.

గది రెండోసారి పూర్తయిన మరునాడు అసలు పరీక్ష. టీచరమ్మ సెలవు పెట్టలేదు. "నేనుంటే నన్నే పిలుస్తారు" అని మామూలుగా గ్లాసు నింపి, మూతపెట్టి, హాజరు వేసి వెళ్లిపోయారు. వీధి మలుపులో ఆటో ఒక నిమిషం ఆగడం కిటికీలోంచి కనిపించింది. తరువాత కదిలింది.

పదకొండు గంటలకు మాస్టారు మూత తీసి స్టూలు మీద పెట్టారు. గ్లాసు ఎత్తి, మా ఇద్దరి వంకా చూసి, ఆపకుండా తాగారు. తరువాత ముగ్గురం కూర్చున్నాం. ముగ్గురు పెద్దమనుషులు అంత గంభీరంగా దేనికోసం ఎదురుచూస్తున్నారో బయటివారు చూస్తే ఏమనుకునేవారో తెలియదు. పావుగంట గడిచింది. మేస్త్రి ఉండబట్టలేక, "ఇంకో గ్లాసు తాగండి మాస్టారూ" అన్నాడు. నేను గదిమాను. మాస్టారు నవ్వి, గ్లాసు చాచారు. మేస్త్రి కూజాలోంచి మళ్లీ నింపాడు.

కొంతసేపటికి ఆయన కర్ర అందుకున్నారు. నేను లేవబోయాను.

"కూర్చోండి సార్. గుమ్మం బయట కాపలా ఉంటే ఎవరికీ రాదు."

కూర్చున్నాను. కర్ర చప్పుడు మధ్యగది దాటింది. ఎర్ర అంచు దగ్గర ఆగింది. తరువాత తలుపు మూసుకుంది. గడియ ఒకసారి పట్టి, వదిలి, మళ్లీ పడింది. ఆ తరువాత ఏ శబ్దమూ లేదు. నా ఉద్యోగంలో స్లాబులు పోసేటప్పుడు, పాత గోడలు దించేటప్పుడు చాలాసార్లు ఊపిరి బిగబట్టాను. ఇంతసేపు ఎన్నడూ బిగబట్టలేదు. మేస్త్రి నేలవంక చూస్తూ కూర్చున్నాడు. చివరికి కుళాయి తిరిగింది. నీళ్లు పడిన చప్పుడు వినిపించింది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో మాకు తెలుసు.

మాస్టారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. తువ్వాలు ఒళ్లో వేసుకోలేదు, కుర్చీ చేతిమీదే ఉంచారు.

"గడియ కొంచెం బిగుతుగా ఉంది సార్. మిగతాది సరిపోయింది."

గడియకు నూనె వేయించాను. ఆ సాయంత్రం పనిముట్లు సర్దుకుంటుండగా టీచరమ్మ వచ్చారు. నేరుగా స్టూలు దగ్గరకు వెళ్లారు. గ్లాసు ఖాళీగా, మూత పక్కన వెల్లకిలా ఉన్నాయి. ఆమె గ్లాసును మళ్లీ నింపి ఆయన ఎడమచేతి పక్కన పెట్టి, ప్లేటును మాత్రం వంటింట్లోకి తీసుకుపోయారు.

ఆఫీసులో నా తప్పు చెప్పుకున్నాను. రెండు మాటలు పడ్డాను. పడవలసినవే. దస్త్రంలో "సవరణ" అని రాసి ఊరుకున్నది మాత్రం నా రెండో తప్పు. దాన్నిప్పుడు ఇలా దిద్దుకుంటున్నాను.

ఇందులోని కొలతలు, రోజుల లెక్కలు జ్ఞాపకం నుంచి రాసినవి. దర్జీ పనిలోని మాటలు ఆ ఇంట్లో విన్నవే తప్ప నేను నేర్చినవి కావు. వాటం అన్న మాటకు నాకు ఇంకా తెలియని అర్థాలు మీ ఊళ్లలో ఉండవచ్చు. తప్పులు కనబడితే దయచేసి రాయండి. మొదట నేను వాదిస్తాను, అది నా స్వభావం. మీరు పట్టు వదలకండి. ఈ వ్యాసం ప్రస్తుతానికి కచ్చా కుట్టు మీదే ఉంది, దారం లాగడం సులువు.